కోర్టు తీర్పులు, కొలువుల ఎంపిక: టెక్నాలజీ వైపా, ఫైనాన్స్ వైపా?

(డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం)



పట్టాభిగారి పేరు వినగానే స్వాతంత్ర్యోద్యమమూ, ఆయన రాసిన కాంగ్రెస్ చరిత్రా గుర్తుకు రావడం సహజం. ఈ సాయంత్రం నేను ఆయన చేసిన మరో పనిని తలుచుకుంటాను. మద్రాసులో వైద్యం చదివి, మచిలీపట్నంలో ప్రాక్టీసు చేసిన డాక్టరు ఆయన. ఆ ఊళ్లోనే 1923లో లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో ఆంధ్రా బ్యాంకును నిలబెట్టారు. రెండేళ్ల తర్వాత ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ వచ్చింది. 1956లో జీవిత బీమా వ్యాపారం మొత్తం జాతీయమై ఎల్ఐసీ ఏర్పడింది. 1980లో ఆంధ్రా బ్యాంకు కూడా జాతీయమైంది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమై, ఆ పేరే బోర్డుల మీద నుంచి దిగిపోయింది. ప్రభుత్వాల నిర్ణయాలు ఒక సంస్థ యాజమాన్యాన్ని మార్చాయి, చివరకు పేరునే తీసేశాయి. అయితే వరి రైతుకు ఎంత అప్పు ఇవ్వవచ్చో, మిల్లరు చూపించే లెక్కల్లో ఎంత నిజముందో అంచనా కట్టగలిగిన బ్రాంచి మేనేజరు విద్యను ఆ నిర్ణయాల్లో ఏదీ ముట్టుకోలేదు. సంస్థకు పట్టే గతి వేరు, సంస్థలో పనిచేసేవారి విద్యకు పట్టే గతి వేరు. నేను చెప్పదలచినదంతా ఈ తేడా చుట్టూనే ఉంటుంది.

ప్రశ్న ఎక్కడ పుట్టింది

“గూగుల్‌ని, మెటాని ముక్కలు చేస్తారట కదా సార్! ఇప్పుడు టెక్ కంపెనీలో చేరడం క్షేమమేనా? ఫైనాన్స్ వైపు వెళ్తే నిలకడ ఉంటుందా?” కొన్నేళ్లుగా విద్యార్థుల నోట ఈ ప్రశ్న తరచూ వింటున్నాను. అమెరికాలో ఎంఎస్ చేస్తున్న పిల్లల తల్లిదండ్రులు ఇదే ప్రశ్న ఇంకాస్త కంగారుగా అడుగుతారు. అక్కడ చదువుకు చేసిన అప్పు ఉంది, వీసా గడువు ఉంది, పిల్లల చేతిలో రెండు ఆఫర్లు ఉంటే ఏది పట్టుకోవాలో తెలియని గుంజాటన ఉంది. తేలిగ్గా తీసిపారేయదగ్గ ప్రశ్న కాదిది.

ముందు కేసుల సంగతి చూద్దాం. 2020 అక్టోబరులో అమెరికా న్యాయశాఖ గూగుల్ సెర్చ్ మీద కేసు వేసింది. గూగుల్ తన గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా కాపాడుకుంటోందని 2024 ఆగస్టులో జడ్జి అమిత్ మెహతా తీర్పిచ్చారు. యాపిల్ ఫోన్లలో తన సెర్చ్‌నే ముందుగా ఉంచినందుకు గూగుల్ 2022లో ఆ కంపెనీకి చెల్లించింది 2 వేల కోట్ల డాలర్లని ఆ కేసులోనే బయటపడింది. క్రోమ్ బ్రౌజర్‌ను అమ్మించాలని ప్రభుత్వం పట్టుబట్టింది. 2025 సెప్టెంబరులో వెలువడిన ఉత్తర్వు అంత దూరం వెళ్లలేదు. పోటీదారులకు చోటు లేకుండా చేసే ఒప్పందాలు కుదరవంది, కొంత సెర్చ్ డేటాను అర్హత ఉన్న పోటీదారులకు ఇవ్వమంది, క్రోమ్‌ను మాత్రం గూగుల్ దగ్గరే ఉండనిచ్చింది. ప్రకటనల టెక్నాలజీకి సంబంధించిన మరో కేసులో జడ్జి లియోనీ బ్రింకెమా 2025 ఏప్రిల్‌లో గూగుల్ తప్పు చేసిందని తేల్చారు. ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లను మెటా నుంచి విడదీయాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2020లో వేసిన కేసు 2025 నవంబరులో వీగిపోయింది. అమెజాన్ మీద 2023లోనూ, యాపిల్ మీద 2024లోనూ కేసులు దాఖలయ్యాయి.

మన దేశంలోనూ ఈ గాలి వీస్తోంది. ఆండ్రాయిడ్ విషయంలో కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు రూ.1,337.76 కోట్ల జరిమానా వేసింది. వాట్సాప్ ప్రైవసీ పాలసీ మీద 2024 నవంబరులో మెటాకు రూ.213.14 కోట్ల జరిమానా పడింది. పెద్ద డిజిటల్ కంపెనీలకు ముందే హద్దులు గీసే బిల్లు ముసాయిదా 2024 మార్చిలో ప్రజల ముందుకొచ్చింది. కాబట్టి ఈ భయానికి ఆధారం లేదనను. అయితే ఏది విరిగితే ఎవరికి దెబ్బ తగులుతుందో విడివిడిగా చూడాలి. దానికి చరిత్రే దారి చూపుతుంది.

విడిపోయిన కంపెనీలు

అమెరికాలో గుత్తాధిపత్యాలకు కళ్లెం వేసే షెర్మన్ చట్టం 1890లో వచ్చింది. దాని కింద 1911లో సుప్రీంకోర్టు రాక్‌ఫెల్లర్ స్టాండర్డ్ ఆయిల్‌ను 34 కంపెనీలుగా విడదీయించింది. తర్వాతి సంవత్సరాల్లో ఆ ముక్కల షేర్ల విలువ పెరిగి రాక్‌ఫెల్లర్ మునుపటికంటే ధనవంతుడయ్యాడన్న సంగతి చాలామంది చెబుతారు. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది విలియం బర్టన్ కథ.

బర్టన్ రసాయన శాస్త్రవేత్త. ఇండియానా రాష్ట్రంలో స్టాండర్డ్ ఆయిల్ వారి వైటింగ్ రిఫైనరీలో పనిచేసేవాడు. మోటారు కార్లు పెరుగుతున్న కాలం అది. ముడి చమురు నుంచి వచ్చే పెట్రోలు చాలడం లేదు. బరువైన నూనెను అధిక వేడిలో, ఒత్తిడిలో విరగ్గొడితే పెట్రోలు దిగుబడి బాగా పెరుగుతుందని బర్టన్ బృందం ప్రయోగాలతో చూపించింది. పెద్ద ఎత్తున ప్లాంటు కట్టడానికి డబ్బు అడిగితే న్యూయార్క్ ప్రధాన కార్యాలయం ప్రమాదమని భయపడి కాదంది. 1911లో విభజన జరిగింది. ఇండియానా కంపెనీకి సొంత బోర్డు వచ్చింది. ఆ బోర్డు డబ్బు మంజూరు చేసింది. 1913 జనవరిలో బర్టన్‌కు పేటెంటు వచ్చింది. ఆ పద్ధతి కోసం మిగతా చమురు కంపెనీలు లైసెన్సు తీసుకోవలసి వచ్చింది. విభజనకు ముందూ తర్వాతా బర్టన్‌ది అదే విద్య. విభజన వల్ల మారిందల్లా ఆ విద్యకు అడ్డుపడే అధికారం. కంపెనీ ముక్కలైతే ఉద్యోగి గతేమిటని అడిగే ప్రతి విద్యార్థీ ఈ కథ తెలుసుకోవాలని నా కోరిక.

అయితే అన్ని కథలూ ఇంత అందంగా ముగియలేదు. ఏటీ అండ్ టీ టెలిఫోన్ కంపెనీ మీద 1974లో కేసు పడింది. 1982 జనవరిలో రాజీ కుదిరింది. 1984 జనవరి 1న స్థానిక టెలిఫోన్ వ్యాపారం ఏడు ప్రాంతీయ కంపెనీలుగా విడిపోయింది. అప్పటికి ఆ సంస్థలో సుమారు పది లక్షలమంది పనిచేసేవారు. తరాల తరబడి ఒకే కంపెనీలో చేరి, అక్కడే రిటైరయ్యే కుటుంబాలు ఉండేవి. విభజన వార్తతో వాళ్లు వీధిన పడలేదు. చాలామంది అదే భవనంలో, అదే స్తంభాల మీద, అదే తీగలతో కొత్త పేరు కింద పని కొనసాగించారు. పది షేర్లున్నవారికి ఏడు కొత్త కంపెనీల్లోనూ ఒక్కో షేరు దక్కింది. పోటీ వచ్చాక దూరప్రాంతాల కాల్స్ ధర పడిపోయింది, కొత్త కంపెనీలు పుట్టాయి, వాటిలో కొత్త ఉద్యోగాలు వచ్చాయి.

మరోవైపు నష్టమూ జరిగింది. జీవితకాలపు భద్రత అనే మాట మెల్లగా చెల్లకుండా పోయింది. 1996లో ఏటీ అండ్ టీ 40 వేల ఉద్యోగాలు తగ్గిస్తామని ప్రకటించింది. ట్రాన్సిస్టర్ పుట్టిన ఏటీ అండ్ టీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్ ఆ ఏడాదే లూసెంట్ చేతికి, తర్వాత అల్కాటెల్ చేతికి, చివరకు నోకియా చేతికి వెళ్లింది. గుత్తాధిపత్యపు లాభాలతో ఇరవై ఏళ్లకు ఫలించే పరిశోధనను పోషించే తీరిక పోటీలో పడ్డ కంపెనీకి లేకపోయింది. విభజన అందరికీ మేలు చేస్తుందని నేను చెప్పడం లేదు. ఎవరి పని పోటీలో పెరిగేదో వాళ్లకు మేలు జరిగింది. ఎవరి పనికి గుత్తాధిపత్యపు లాభమే ఆధారమో వాళ్లు నష్టపోయారు.

విడిపోని కంపెనీలు

ఐబీఎం మీద 1969 జనవరిలో కేసు పడింది. పదమూడేళ్లు నడిచి, ఏటీ అండ్ టీ రాజీ కుదిరిన రోజునే, 1982 జనవరి 8న ప్రభుత్వం దాన్ని ఉపసంహరించుకుంది. తీర్పే రాలేదు. అయినా ఆ కేసు నీడలో ఐబీఎం 1969లోనే ఒక నిర్ణయం తీసుకుంది. అంతవరకు యంత్రంతో పాటు కలిపి ఇచ్చే సాఫ్ట్‌వేర్‌కు విడిగా ధర కట్టడం మొదలుపెట్టింది. సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా అమ్ముకునే కంపెనీలకు అక్కడ చోటు దొరికింది. ఈరోజు గచ్చిబౌలిలో కోడ్ రాస్తున్న మన పిల్లల జీవనాధారంలో ఆ నిర్ణయానికి కూడా వంతు ఉంది.

మన దేశంలో ఐబీఎం కథ ఇంకో మలుపు తిరిగింది. అది గుత్తాధిపత్య చట్టం వల్ల జరిగింది కాదు, విదేశీ మారక నియంత్రణ చట్టం వల్ల. వాటా తగ్గించుకోవడానికి ఒప్పుకోని ఐబీఎం 1978లో దేశం విడిచి వెళ్లింది. దాని యంత్రాల నిర్వహణ ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీ చేతికొచ్చింది. ఐబీఎంలో పని నేర్చుకున్న కొందరు సొంత సంస్థ పెట్టుకున్నారు. 1980ల్లో మన రైల్వే రిజర్వేషన్‌ను కంప్యూటర్ మీదికి ఎక్కించింది ఆ సీఎంసీయే. కంపెనీ సాంతం వెళ్లిపోయినా, అది నేర్పిన పని దేశంలోనే ఉండిపోయి, మరింత మందికి అక్కరకొచ్చింది.

ఇక మైక్రోసాఫ్ట్. 1998 మేలో కేసు పడింది. 2000 జూన్‌లో కంపెనీని రెండుగా చీల్చమని కోర్టు ఆదేశించింది. 2001 జూన్‌లో పైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. ఆ ఏడాదే రాజీ కుదిరింది. ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్‌ను మైక్రోసాఫ్ట్ హైదరాబాదులో పెట్టింది 1998లోనే. చీలిక వార్తలకు భయపడి ఆ రోజుల్లో దూరంగా ఉన్నవారు ఒక గొప్ప అవకాశాన్ని వదులుకున్నారు. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివి, 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరిన సత్య నాదెళ్ల కేసు నడిచిన కాలమంతా అందులోనే ఉన్నారు, 2014లో సీఈఓ అయ్యారు.

అయితే ఆ కాలంలో అక్కడ పనిచేసినవారికి నష్టం వేరే వైపు నుంచి వచ్చింది. 1999 డిసెంబరులో శిఖరానికి చేరిన మైక్రోసాఫ్ట్ షేరు, డాట్‌కామ్ బుడగ పగిలాక పడిపోయి, మళ్లీ ఆ స్థాయిని దాటడానికి 2016 దాకా పట్టింది. జీతంలో పెద్ద భాగం స్టాక్ ఆప్షన్లుగా తీసుకున్నవారి కాగితపు సంపద కరిగిపోయింది. అందరూ కోర్టు వైపు చూస్తూ భయపడ్డారు, దెబ్బ మాత్రం మార్కెట్ నుంచి తగిలింది.

చట్టం నడక, మార్కెట్ నడక

ఈ కేసులన్నిటిలో కాలాన్ని గమనించండి. ఐబీఎంకు పదమూడేళ్లు. ఏటీ అండ్ టీకి కేసు నుంచి విభజన దాకా తొమ్మిదేళ్లకు పైగా. గూగుల్ సెర్చ్ కేసులో దిగువ కోర్టు ఉత్తర్వు రావడానికే దాదాపు ఐదేళ్లు. తీర్పు వచ్చాక అప్పీళ్లుంటాయి, అమలుకు గడువులుంటాయి. ఉద్యోగి ఆలోచించుకోవడానికి, కొత్తది నేర్చుకోవడానికి, ఇల్లు చక్కబెట్టుకోవడానికి చట్టం వ్యవధి ఇస్తుంది.

మార్కెట్ అలాంటి వ్యవధి ఇవ్వదు. 2022 నవంబరులో మెటా 11 వేలమందిని, 2023 జనవరిలో గూగుల్ 12 వేలమందిని, మైక్రోసాఫ్ట్ 10 వేలమందిని తొలగిస్తున్నట్లు ప్రకటించాయి. వాటిలో ఏ కంపెనీనీ ఏ కోర్టూ విడదీయలేదు. కరోనా కాలంలో అతిగా చేర్చుకోవడం, వడ్డీరేట్లు పెరగడం, ఖర్చు తగ్గించమని వాటాదారులు ఒత్తిడి చేయడం అందుకు కారణాలు. చాలామందికి ఆ సంగతి తెల్లవారి ఈమెయిల్ తెరిస్తేనే తెలిసింది. అమెరికాలో హెచ్-1బీ వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే మరో యజమానిని వెతుక్కోవడానికి ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. కంపెనీ విడిపోయి, కొత్త సంస్థ పాత బాధ్యతలను స్వీకరిస్తే వీసా కొనసాగించుకునే దారి నిబంధనల్లో ఉంది. అంటే వీసా మీద ఉన్న మన పిల్లలకు విభజనకంటే లేఆఫ్ ప్రమాదకరం. భయపడవలసిన వరుసలో గుత్తాధిపత్యం మీద వేసే యాంటీట్రస్ట్ కేసును ముందు పెట్టుకోవడం సరికాదని నా అభిప్రాయం.

చట్టం ఉద్యోగికి శత్రువా?

ఇంకో మాట గట్టిగా చెప్పాలనుంది. పోటీ చట్టం వినియోగదారుణ్ణి కాపాడుతుందని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. అది జీతగాణ్ణి కూడా కాపాడుతుంది. సిలికాన్ వ్యాలీలోనే ఇది రుజువైంది.

2010 సెప్టెంబరులో అమెరికా న్యాయశాఖ యాపిల్, గూగుల్, ఇంటెల్, అడోబి, ఇన్‌ట్యూట్, పిక్సార్‌ల మీద కేసు దాఖలు చేసింది. ఒకరి ఉద్యోగులకు మరొకరు ఫోన్ చేసి ఉద్యోగం ఇవ్వజూపకూడదని ఆ కంపెనీలు తమలో తాము ఒప్పందాలు చేసుకున్నాయన్నది ఆరోపణ. బయట మార్కెట్లో తమకు ఎంత ధర పలుకుతుందో ఇంజినీర్లకు తెలియనివ్వని ఏర్పాటు అది. ఆ పద్ధతి మానతామని కంపెనీలు రాజీ పత్రాలు రాసిచ్చాయి. తర్వాత సుమారు 64 వేలమంది ఉద్యోగుల తరఫున సామూహిక దావా నడిచింది. 32.45 కోట్ల డాలర్ల పరిహారం చాలదని జడ్జి లూసీ కో ఒప్పుకోలేదు. చివరికి 2015లో నాలుగు కంపెనీలు 41.5 కోట్ల డాలర్లు చెల్లించాయి. ఆ 64 వేలమందిలో మన తెలుగువాళ్లు ఎందరో ఉండి ఉంటారు. వాళ్ల చేతికి ఆ డబ్బు అందించింది మనం భయపడుతున్న ఈ యాంటీట్రస్ట్ చట్టమే.

ఒకే రకం నైపుణ్యాన్ని కొనే కంపెనీలు మూడు మాత్రమే ఉంటే, ఆ నైపుణ్యం ఉన్నవాడికి బేరమాడే బలం తక్కువ. ముప్ఫై ఉంటే ఎక్కువ. గూగుల్ సెర్చ్ డేటా పోటీదారులకు అందడం మొదలైతే, సెర్చ్ ర్యాంకింగ్ తెలిసిన ఇంజినీరు కోసం వెతికేవాళ్లు పెరుగుతారు. కంపెనీకి చేదైన తీర్పు దానిలో పనిచేసేవారికి కూడా చేదే కావాలని లేదు.

ఫైనాన్స్ గోడ లోపల

టెక్‌లో కోర్టుల గొడవ ఉంది కనుక ఫైనాన్స్ ప్రశాంతంగా ఉంటుందనుకోవడం చరిత్ర తెలియక అనుకునే మాట. చట్టం నేరుగా విడదీసిన రంగాల్లో ఫైనాన్స్ ముందువరసలో ఉంది. 1933లో గ్లాస్-స్టీగల్ చట్టం డిపాజిట్లు తీసుకునే బ్యాంకులను, షేర్లూ బాండ్లూ జారీ చేయించే బ్యాంకులను వేరు చేసింది. జేపీ మోర్గాన్ డిపాజిట్ల వైపు ఉండిపోతే, దానిలోని కొందరు 1935లో బయటికొచ్చి మోర్గాన్ స్టాన్లీ పెట్టారు. 1999లో ఆ గోడను చట్టమే కూల్చింది. 2008 సంక్షోభం తర్వాత చట్టమే మళ్లీ కొన్ని గోడలు కట్టింది. ఒక్కో మార్పుతో కొన్ని విభాగాలు మూతపడ్డాయి, కొన్ని కొత్తగా పుట్టాయి. వీసా కార్డుల కంపెనీ మీద 2024 సెప్టెంబరులో అమెరికా న్యాయశాఖ వేసినది కూడా యాంటీట్రస్ట్ కేసే.

ఫైనాన్స్ పతనమైతే ఆ వేగం భయంకరంగా ఉంటుంది. 2008 సెప్టెంబరు 15న లీమన్ బ్రదర్స్ దివాలా పిటిషన్ వేసింది. 158 ఏళ్ల సంస్థ, సుమారు 25 వేలమంది ఉద్యోగులు, ఒక వారాంతంలో భవిష్యత్తు తారుమారైంది. బోనస్‌లో పెద్ద భాగం కంపెనీ షేర్లుగా అందుకున్నవారు ఉద్యోగంతో పాటు పొదుపునూ పోగొట్టుకున్నారు. ముంబై పొవాయ్‌లోని లీమన్ కార్యాలయాలను జపాన్ సంస్థ నోమురా తీసుకుంది. అక్కడివారి పని నిలిచింది గాని పాత కంపెనీ షేర్లు కాగితాలుగానే మిగిలాయి. మన హైదరాబాదు కూడా ఇలాంటి రోజు చూసింది. 2009 జనవరి 7న సత్యం లెక్కల మోసం బయటపడింది. సాఫ్ట్‌వేర్ కంపెనీని కూల్చింది సాఫ్ట్‌వేర్ లోపం కాదు, ఆర్థిక పత్రాల్లోని అబద్ధం. సుమారు 50 వేలమంది ఇంజినీర్ల కుటుంబాలు నెలల తరబడి నిద్రలేకుండా గడిపాయి. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని తీసుకుంది. పని తెలిసినవారు ఆ తుపాను దాటి నిలబడగలిగారు.

నిజానికి ఈ రెండు రంగాల మధ్య గోడ ఇప్పుడు చాలా పలచన. నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో అమెరికన్ బ్యాంకుల కార్యాలయాలకు వెళ్లి చూడండి. అక్కడ మనవాళ్లలో ఎక్కువమంది చేస్తున్నది రిస్క్ లెక్కలు, చెల్లింపుల వ్యవస్థలు, మోసాలను పసిగట్టే ప్రోగ్రాములు. మరోవైపు యూపీఐ చెల్లింపుల్లో సుమారు 80 శాతం ఫోన్‌పే, గూగుల్ పే అనే రెండు టెక్ కంపెనీల ద్వారానే సాగుతున్నాయి. ఏ ఒక్క యాప్‌కూ 30 శాతానికి మించి వాటా ఉండకూడదని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2020లో నియమం పెట్టి, దాని గడువును 2026 చివరిదాకా పొడిగించింది. ఫోన్‌పేలో చేరిన అమ్మాయి టెక్‌లో చేరినట్టా, ఫైనాన్స్‌లో చేరినట్టా? గుత్తాధిపత్యం ప్రశ్న ఆమెను ఎటు వెళ్లినా కలుస్తుంది.

ఎంచుకునే పద్ధతి

అందుకే రంగం పేరు చూసి ఎంచుకోవద్దని నా సలహా. రహదారి మీద టోల్ గేటు ఉంటుంది. రోడ్డు వేసేవాడి ఆదాయం వేరు, గేటు దగ్గర నిలబడి దారినపోయేవారి దగ్గర వసూలు చేసేవాడి ఆదాయం వేరు. గేటు తీసేయమని కోర్టు అంటే రోడ్డు వేసేవాడికి వచ్చే నష్టం లేదు. ఆఫర్ లెటర్ చేతికొచ్చినప్పుడు నా పని ఏ వైపుదో ముందు తేల్చుకోవాలి. నా టీమ్ చేసే పని వల్ల వినియోగదారుడికి మెరుగైన వస్తువు అందుతోందా? లేక పోటీదారుణ్ణి లోపలికి రానివ్వని ఒప్పందాల వల్ల మా టీమ్‌కు డబ్బు వస్తోందా? ఇంటర్వ్యూలో ఇది అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. “మీ విభాగానికి ఆదాయం ఎక్కడి నుంచి వస్తుంది?” అని మర్యాదగా అడిగితే చాలు. బ్యాంకులోనూ ఇదే ప్రశ్న అడగాలి. అప్పుకోరే మనిషిని అంచనా కట్టే పని అయితే అది ఏ బ్యాంకులోనైనా చెల్లుతుంది. ఒక్క సంస్థకున్న ప్రత్యేక అనుమతి మీద నడిచే పని అయితే ఆ అనుమతి ఉన్నంతకాలమే చెల్లుతుంది.

రెండోది, ఈ ఉద్యోగంలో మూడేళ్లు గడిపాక నా చేతికి వచ్చే విద్య ఇంకోచోట చెల్లుబాటవుతుందా అన్న ప్రశ్న. ఆ ఒక్క కంపెనీ లోపలి పరికరాలు మాత్రమే నేర్పే ఉద్యోగంలో జీతం ఎంత పెద్దదైనా జాగ్రత్తగా ఉండాలి. పంపిణీ వ్యవస్థల డిజైను, డేటాబేసులు, భద్రత, గణాంకశాస్త్రం, రుణాల మదింపు, ఆక్చురియల్ గణితం లాంటివి ఎక్కడికి వెళ్లినా వెంటవస్తాయి. కట్టుబాటు షరతులను కూడా చదువుకోవాలి. ఉద్యోగం మానేశాక పోటీ సంస్థలో చేరకూడదనే షరతు మన కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం సాధారణంగా చెల్లదు. అయితే కనీస సర్వీసు పూర్తి చేయకుండా వెళ్తే డబ్బు కట్టాలనే బాండ్‌ను 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. సంతకం పెట్టే ముందు ఈ తేడా తెలిసి ఉండాలి.

మూడోది, జీతమూ పొదుపూ ఒకే కంపెనీ మీద ఆధారపడనివ్వకూడదు. టెక్ కంపెనీలు సాధారణంగా నాలుగేళ్లలో విడతలుగా షేర్లు ఇస్తాయి. అవి చేతికొచ్చిన రోజే వాటి విలువ మీద జీతంలాగే పన్ను పడుతుంది. అంటే వాటిని అట్టిపెట్టుకోవడం, చేతిలోని నగదుతో అదే కంపెనీ షేర్లు ఆ రోజు ధరకు కొన్నట్టే. మీ చేతికి అంత నగదు ఇచ్చి కొనమంటే కొంటారా? కొననంటే అమ్మేసి డబ్బును వేర్వేరు చోట్ల పెట్టండి. లీమన్‌లో, సత్యంలో నష్టపోయినవారి కథలు ఇదే చెబుతాయి. కోర్టు తీర్పు వచ్చినా, మార్కెట్ కూలినా, ఆరునెలల ఇంటిఖర్చు విడిగా ఉన్న మనిషి నిబ్బరంగా ఆలోచించగలడు. వీసా మీద ఉన్నవారికి ఇది మరీ అవసరం.

నాలుగోది మనసుకు సంబంధించినది. వస్తువును తయారుచేయడంలో సంతోషపడేవారున్నారు. అనిశ్చితిని కొలిచి, దానికి ధర కట్టడంలో సంతోషపడేవారున్నారు. మొదటివారు జీతం కోసం ఫైనాన్స్‌లో కూర్చుంటే కొన్నేళ్లకు విసిగిపోతారు. రెండోవారు గుంపుతో పాటు కోడింగ్‌లో చేరితే రాణించలేరు. తల్లిదండ్రులకు నా విన్నపం ఇది. పక్కింటి అబ్బాయి ప్యాకేజీతో పోల్చకండి. మీ పిల్లలు ఎవరూ చెప్పకుండానే ఏ పనిలో గంటలు మరిచిపోతారో గమనించండి. రెండు ఉద్యోగాల్లోనూ సమానమైన విద్య వస్తుందనుకుంటే, పిల్లల మనసు మొగ్గే తీర్పు చెప్పాలి.

మూడో దారి

టెక్, ఫైనాన్స్ అని రెండే దారులు చూస్తున్నాం. ఈ కేసులే మూడో దారిని తెరిచాయి. మైక్రోసాఫ్ట్ రాజీ అమలును గమనించడానికి అప్పట్లో సాంకేతిక నిపుణుల కమిటీ వేశారు. గూగుల్ ఉత్తర్వులోనూ అలాంటి సాంకేతిక కమిటీ ఉంది. అల్గారిదమ్ ఎలా పనిచేస్తుందో తెలిసి, మార్కెట్ వాటాను లెక్కగట్టడం కూడా వచ్చిన మనుషులు ఆ కమిటీలకు కావాలి. మన కాంపిటీషన్ కమిషన్ డిజిటల్ మార్కెట్ల కోసం ప్రత్యేక విభాగం పెట్టింది. బీమా రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ కేంద్ర కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. ఈ సంస్థలకు, వీటి ముందు వాదించే న్యాయసంస్థలకు, ఆర్థిక సలహాదారులకు రెండు విద్యలూ తెలిసినవాళ్లు తగినంతమంది లేరు. తెలుగు రాష్ట్రాల్లో ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. ఒక్క సెమిస్టరైనా పోటీ చట్టం, కంపెనీ లెక్కలు చదవడం నేర్పితే మన పిల్లలు పెద్ద కంపెనీల్లో ఉద్యోగులుగానే మిగలరు, వాటికి హద్దులు నిర్ణయించేవారిలోనూ ఉంటారు. ఇక్కడున్న ఆచార్యులు ఈ విషయం అకడమిక్ కౌన్సిల్ ముందు పెట్టాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

విద్యార్థులకు చివరి మాట. పెద్ద కంపెనీలో చేరడం తప్పేమీ కాదు. అక్కడ దొరికే నేర్పు, సావాసం, స్థాయి మరోచోట అంత తేలిగ్గా దొరకవు. కేసు పడిందని వచ్చిన మంచి ఆఫర్‌ను కాదనకండి. బ్యాంకు పేరు పాతదని అది క్షేమమని నమ్మకండి. కంపెనీ ఆధిపత్యాన్ని మీ ప్రతిభగా పొరబడకండి. మీకు జీతమిచ్చే సంస్థ పోటీని అడ్డుకోవడం మీ కళ్లముందే జరిగితే, అది మీకు లాభమే అయినా, తప్పని అనగలిగే ధైర్యం పెంచుకోండి. మార్కెట్ తెరిచి ఉన్నచోటే మీ తర్వాత వచ్చే విద్యార్థికి కూడా చోటు దొరుకుతుంది. రేపు ఏ కోర్టు ఏ తీర్పు ఇచ్చినా, పని నేర్చినవారిని కావాలనుకునేవారు నలుగురు ఉండే మార్కెట్ మీకు మేలు, మీరు పుట్టిపెరిగిన ఊళ్లకూ మేలు. అందుకే టెక్ అయినా ఫైనాన్స్ అయినా, మీ విద్యను పెంచే పనిలో చేరండి, పోటీ చట్టాన్ని మీ పక్షాన ఉన్న చట్టంగా చూడండి.